రాతి దుమ్ము, ఊపిరి, మరమ్మతు: కోలారు బంగారు గనుల చరిత్రలో ఒక పుట

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకొస్తాయి. మన కోలారు జిల్లాకు వాటికేమీ తక్కువ లేదు. గంగరాజుల తొలి రాజధాని కోలారే. హైదర్ అలీ పుట్టింది మన బూదికోటలోనే. ఆ తర్వాత కె.జి.ఎఫ్. వచ్చింది, బంగారం వచ్చింది. బంగారం ఎప్పుడు దొరికింది, ఎంత లోతుకు తవ్వారు, ఎన్ని టన్నులు తీశారు అనే లెక్కలు మనలో చాలామందికి నోటికి వచ్చు.

అయితే ఆ బంగారాన్ని తీసిన మనుషుల ఊపిరితిత్తుల్లో ఏం జరిగింది? అది కూడా చరిత్రే గదా! ఆ చరిత్రను అర్థం చేసుకోవాలంటే సోషల్ పుస్తకం ఒక్కటే చాలదు, జీవశాస్త్రం పుస్తకం కూడా పక్కన పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో నేను ఆ రెంటినీ కలిపి చెప్పే ప్రయత్నం చేస్తాను.

గనుల పుట్టుక

టిప్పు సుల్తాను 1799లో మరణించాక మైసూరు సరిహద్దులు కొలవడానికి బ్రిటిష్ వాళ్లు సర్వే మొదలుపెట్టారు. ఆ పనిమీద 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే అధికారి మన ప్రాంతానికి వచ్చాడు. ఊరిగాం, మారికుప్పం చుట్టుపక్కల మట్టిని కడిగి జనం బంగారు రేణువులు తీస్తారని విని, తానే చూసి రాసిపెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత బెంగుళూరులో స్థిరపడిన ఐర్లండు సైనికుడు మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ ఆ రాతలు చదివి, 1871లో ఎద్దులబండి మీద ఇక్కడికి వచ్చాడు. 1875లో ఆయనకు మైసూరు సంస్థానం నుంచి తవ్వుకునే అనుమతి దొరికింది. 1880 తర్వాత లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. అక్కడి నుంచి అసలు గనుల కథ మొదలు.

1902లో శివనసముద్రం జలపాతం దగ్గర తయారైన కరెంటు దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా మన గనులకు చేరింది. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో ప్రపంచంలోనే గొప్ప సంగతి. దేశంలో చాలా పట్టణాలు కిరసనాయిలు దీపాలతో ఉన్నప్పుడు కె.జి.ఎఫ్.లో విద్యుత్ దీపాలు వెలిగాయి. దొరల బంగళాలు, క్లబ్బు, చల్లని గాలి చూసి దీన్ని చిన్న ఇంగ్లాండు అనేవాళ్లు.

గనిలోకి దిగినవాళ్లు మాత్రం వేరు. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి, కోలారు చుట్టుపక్కల పల్లెల నుంచి తెలుగువాళ్లు కూలికి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. కరువు, అప్పు, ఊళ్లో అవమానం తప్పించుకుని నెలజీతం కోసం వచ్చినవాళ్లు. మైనర్స్ లైన్లలో తడికల గుడిసెల్లో కాపురం పెట్టి, షిఫ్టు సైరను కూయగానే బోనులో నిలబడి భూమి లోపలికి దిగేవాళ్లు. చాంపియన్ రీఫ్ గని చివరకు 3,200 మీటర్ల లోతుకు చేరింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. ఆ లోతు సైన్సుకు కూడా ఉపయోగపడింది. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను మొదటిసారి పట్టుకున్న చోట్లలో మన గని ఒకటి.

రాయిలోనే ఉంది చిక్కు

మన గనుల్లో బంగారం ముద్దలుగా దొరికేది కాదు. నల్లటి గట్టి రాయి మధ్యలో తెల్లటి చారలాగా క్వార్ట్జ్ రాయి ఉంటుంది. ఆ తెల్ల చారలో కంటికి కనిపించనంత సన్నగా బంగారం కలిసి ఉంటుంది. కాబట్టి బంగారం కావాలంటే క్వార్ట్జ్‌ను తొలవాలి, మందు పెట్టి పేల్చాలి, పైకి తెచ్చి మిల్లులో పిండి చేయాలి. క్వార్ట్జ్ అంటే సిలికా. తొలిచిన ప్రతిసారీ, పేల్చిన ప్రతిసారీ సిలికా దుమ్ము లేస్తుంది.

పెద్ద రేణువులైతే ముక్కు వెంట్రుకల్లోనో గొంతు తేమలోనో చిక్కుకుంటాయి. దగ్గితే, తుమ్మితే బయటికి పోతాయి. 5 మైక్రాన్లకన్నా చిన్నవి మాత్రం నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణుల దాకా వెళ్తాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అవి ఎంత చిన్నవో ఊహించవచ్చు. అంటే కంటికి కనిపించే దుమ్ము కన్నా కనిపించని దుమ్మే ప్రమాదం. గాలి తేటగా ఉన్నట్టే ఉంటుంది, లోపలికి పోవలసింది పోతూనే ఉంటుంది.

పాత జబ్బు, ఆలస్యంగా వచ్చిన లెక్క

ఈ జబ్బు కొత్తది కాదు. 1556లో అచ్చయిన గనుల పుస్తకంలో జర్మనీ పండితుడు అగ్రికోలా కార్పాతియన్ కొండల గనుల గురించి ఒక మాట రాశాడు. అక్కడ ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు ఉన్నారట. దుమ్ము ఆ మగవాళ్ల ఊపిరితిత్తులను తినేసిందని ఆయన అర్థం చేసుకున్నాడు. 19వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు విస్కాంటి ఈ జబ్బుకు సిలికోసిస్ అని పేరు పెట్టాడు.

దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనులు మన గనులకు దాదాపు ఈడువే. అక్కడ యంత్రపు డ్రిల్లులు వాడిన కార్మికులు పెద్ద సంఖ్యలో చిన్న వయసులోనే చనిపోతుంటే 1902లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1911లో పరిహారపు చట్టం వచ్చింది. అయితే అందులో తెల్లవాళ్లకు ఒక లెక్క, నల్లవాళ్లకు ఒక లెక్క. 1930లో జొహానెస్‌బర్గ్‌లో సిలికోసిస్ మీద అంతర్జాతీయ సభ కూడా జరిగింది. అంటే దుమ్ము ఏం చేస్తుందో గనుల లోకానికి అప్పటికే బాగా తెలుసు.

మన దగ్గర? మైసూరు సంస్థానంలో సిలికోసిస్ నియమాలు వచ్చింది 1940లో. అదే సంవత్సరం నుంచి 1946 దాకా కె.జి.ఎఫ్. కార్మికుల ఛాతీ పరీక్షలు వరసగా జరిగాయి. ఆ ఫలితాలను ఇక్కడ పనిచేసిన డాక్టర్ ఆంథొనీ కాప్లాన్ తదితరులు 1947లో బ్రిటన్‌లోని ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. 7,600 మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి దాదాపు 44 మందిలో సిలికోసిస్ కనిపించింది. మన దేశంలో సిలికోసిస్ గురించి చెప్పే వైద్య పుస్తకాలు ఇప్పటికీ కోలారు పేరుతోనే మొదలవుతాయి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 1880 నుంచి 1940 వరకు 60 ఏళ్లు. ఈ 60 ఏళ్లలో ఏ నెల ఎంత బంగారం వచ్చిందో కంపెనీ దగ్గర లెక్క ఉండేది. గని గేటు దగ్గర కార్మికుడి ఒంటిమీద గుడ్డలు వెదికి, బంగారం దాచుకున్నాడేమో అని చూసేవాళ్లు. అతని ఊపిరితిత్తుల్లో ఏం దాగి ఉందో ఇంత పెద్ద ఎత్తున చూడటానికి మాత్రం రెండు తరాలు పట్టింది.

ఊపిరితిత్తి కాపలాదారు

ఇప్పుడు జీవశాస్త్రంలోకి వద్దాం. వాయుగోణుల్లోకి దుమ్ము గానీ క్రిమి గానీ వస్తే ఊరుకోని కణాలు అక్కడ ఉంటాయి. వాటిని మాక్రోఫేజ్‌లు అంటారు. మన పుస్తకాల్లో భక్షక కణాలు అని ఉంటుంది. 1882లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్ సముద్రపు నక్షత్రచేప పిల్ల శరీరంలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు చేరడం చూసి వీటి పనిని కనుగొన్నాడు. అందుకే 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మాక్రోఫేజ్ క్రిమిని మింగుతుంది. లోపల లైసోజోమ్ అనే సంచిలో పెట్టి, ఎంజైములతో అరగదీస్తుంది. అంతేకాదు, ఆక్సిజన్ నుంచి చాలా చురుకైన పదార్థాలు తయారుచేసి క్రిమి మీద చల్లుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, సూపరాక్సైడ్ లాంటివి. ఒక రకంగా అది నిప్పుతో యుద్ధం చేసే కణం.

క్రిమి అయితే చచ్చిపోతుంది. రాతి రేణువు చావదు గదా! సిలికాను మింగిన మాక్రోఫేజ్‌లో ఆ సంచి చినిగి, లోపలి ఎంజైములు బయటపడి కణమే చస్తుందని 1966లో ఇంగ్లాండు శాస్త్రవేత్తలు చూపించారు. ఆ చినుగుడే ప్రమాద గంట మోగించి వాపును పిలుస్తుందని 2008లో తేలింది. చచ్చిన కణం నుంచి అదే రేణువు బయటికి వస్తుంది. దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. అదీ చస్తుంది. ఇట్లా ఒకే రేణువు ఎన్నో కణాలను తింటుంది. ఆ చోట గాయం మానినట్టు నారలాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. మెత్తగా సాగవలసిన ఊపిరితిత్తి రాయిలా బిగుసుకుపోతుంది. మనిషి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. పని మానేసినా జబ్బు ఆగదు, ఎందుకంటే రాయి లోపలే ఉంది.

ఇందులో గని కార్మికుడికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అప్పుడే పగిలిన క్వార్ట్జ్ ముఖం మీద తెగిపోయిన రసాయన బంధాలు ఉంటాయి. అవి నీటితో, ఆక్సిజన్‌తో కలిసి అదే రకం చురుకైన పదార్థాలను పుట్టిస్తాయి. కొంతకాలం పోతే ఆ చురుకు తగ్గుతుంది. అంటే పాతబడిన దుమ్ము కన్నా డ్రిల్లు కింద ఆ నిమిషం లేచిన దుమ్ము ఎక్కువ హాని చేస్తుంది. డ్రిల్లు పట్టుకున్నవాడు పీల్చేది సరిగ్గా ఆ దుమ్మునే.

అక్షరదోషం, దిద్దుబాటు

ఈ నిప్పు క్రిముల మీదనే పడదు, సొంత కణం మీద కూడా పడుతుంది. కణంలో ముఖ్యమైనది డి.ఎన్.ఎ. అందులో అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే నాలుగు అక్షరాలతో శరీరం నడిచే పద్ధతి రాసి ఉంటుంది. ఒక వరుసలో సుమారు 300 కోట్ల అక్షరాలు. వీటిలో ఆక్సీకరణకు అందరికన్నా తేలిగ్గా దొరికిపోయేది గ్వానిన్. అది ఆక్సీకరణం చెందితే 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. 1984లో జపాన్ శాస్త్రవేత్తలు కసాయ్, నిషిమురా దీన్ని గుర్తించారు.

మామూలుగా గ్వానిన్ ఎదుట సైటోసిన్ కూర్చోవాలి. పాడైన గ్వానిన్ ఎదుట పొరపాటున అడినిన్ కూర్చుంటుంది. కణం ఇంకోసారి విడిపోయేసరికి గ్వానిన్ ఉండాల్సిన చోట థైమిన్ వచ్చి చేరుతుంది. తెలుగులో చెప్పాలంటే కలం అని రాయాల్సిన చోట కులం అని పడినట్టు. ఒక్క గుర్తు మారితే అర్థం మారిపోతుంది. అట్లాంటి దోషాలు కొన్ని పేరుకుంటే క్యాన్సరు కూడా రావచ్చు. పీల్చే సిలికా దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

మరి ఇన్ని తప్పులు పడుతుంటే మనం ఎట్లా బతుకుతున్నాం? ఎందుకంటే మన కణాల్లో దిద్దేవాళ్లు ఉన్నారు. ఈ పనిని విడమర్చి చెప్పినవాడు స్వీడన్‌లో పుట్టిన టోమస్ లిండాల్. 2015లో పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్‌లతో కలిసి ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. దిద్దుబాటు ఇట్లా జరుగుతుంది. ఓ.జి.జి.1 అనే ఎంజైము డి.ఎన్.ఎ. వెంట తిరుగుతూ పాడైన గ్వానిన్‌ను పట్టుకుని కోసేస్తుంది. ఇంకో ఎంజైము ఆ ఖాళీ దగ్గర తీగను తెంపుతుంది. మూడోది సరైన అక్షరాన్ని పెడుతుంది. చివరిది అతుకు వేస్తుంది. ఇటుక గోడలో చెడిపోయిన ఒక్క ఇటుకను తీసి కొత్తది పెట్టి సున్నం పూసినట్టు. ఈ పని మన ఒంట్లో ప్రతి కణంలో రోజూ జరుగుతూనే ఉంటుంది. మనకు తెలియదు అంతే.

కాపలాదారుకే మరమ్మతు చాలకపోతే

ఇక్కడే మన కథ ముడిపడుతుంది. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు చస్తూ పోతే కొత్తవి ఎక్కడి నుంచి రావాలి? ఎముక మజ్జలో పుట్టి రక్తంలో తిరిగే మోనోసైట్లు అనే తెల్ల కణాలు అక్కడికి చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. 2011లో జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయంలో బెర్న్డ్ కైనా బృందం ఈ మోనోసైట్లను పరీక్షించి ఒక ఆశ్చర్యమైన సంగతి చెప్పింది. మోనోసైట్లలో దిద్దుబాటుకు కావలసిన కొన్ని ముఖ్యమైన ప్రొటీన్లు దాదాపు లేనే లేవు. అందుకని ఆక్సీకరణ దెబ్బ తగిలితే అవి తేలిగ్గా చనిపోతాయి. అవే మాక్రోఫేజ్‌లుగా మారాక ఆ ప్రొటీన్లు తయారవుతాయి, అప్పుడు అదే దెబ్బను తట్టుకుంటాయి.

అంటే సైన్యంలో చేరడానికి వచ్చే కుర్రవాడికి ఇంకా కవచం ఇవ్వలేదు. పని నేర్చుకున్నాకే కవచం. మామూలు రోజుల్లో ఇది మంచికే కావచ్చునని ఆ బృందం అంది. వాపు ఉన్న చోటికి మరీ ఎక్కువ కణాలు చేరి నిప్పు పెంచకుండా ఇది ఒక అదుపు కావచ్చు. కానీ నిప్పు ఆరని చోట ఏమవుతుంది? ఈ ప్రయోగం గని కార్మికుల మీద చేసింది కాదు, రక్తం నుంచి తీసిన కణాల మీద ప్రయోగశాలలో చేసింది. అయినా దాన్ని చదువుతుంటే ఏళ్ల తరబడి రాతి దుమ్ము నిండిన ఊపిరితిత్తి గుర్తుకు రాకమానదు. పాత కాపలాదారులు చస్తున్న చోటికి కవచం లేని కొత్తవాళ్లు వస్తున్నారు.

కాపలా బలహీనపడితే లాభం ఎవరికి? క్షయ క్రిమికి. క్షయ క్రిమిని మింగి అదుపులో పెట్టేది కూడా ఈ మాక్రోఫేజ్‌లే. అందుకే సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. దీనికి సిలికో ట్యూబర్‌క్యులోసిస్ అని పేరే ఉంది. ప్రపంచంలో ఏ గని ఊరి చరిత్ర తీసినా ఈ రెండు జబ్బులు జంటగా కనిపిస్తాయి. ఇరుకు గుడిసెలు, చాలీచాలని తిండి తోడైతే చెప్పనక్కర లేదు.

దిద్దుబాటు ఎంజైముకు ఇంకో ముఖం కూడా ఉంది. 2018లో స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ శాస్త్రవేత్తలు, ఇతరులు కలిసి ఓ.జి.జి.1ను అడ్డుకునే ఒక మందును ఎలుకలకు ఇచ్చి చూశారు. వాటి ఊపిరితిత్తుల్లో వాపు తగ్గింది. అంటే పాడైన గ్వానిన్ దగ్గరికి వెళ్లిన ఓ.జి.జి.1 దిద్దడమే కాక, వాపును పెంచే జన్యువులను కూడా మేల్కొల్పుతుంది. ఇల్లు బాగుచేయడానికి వచ్చినవాడు ఊరంతా కేకలు వేసి జనాన్ని పోగుచేసినట్టు. కొంచెం నష్టం ఉన్నప్పుడు ఆ కేక మేలే. నష్టం రోజూ ఉంటే కేక కూడా రోజూ ఉంటుంది, వాపు తగ్గదు. ఆ మందు ఇంకా పరిశోధనలోనే ఉంది. సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు ఈ రోజుకీ లేదు.

మరి దుమ్ము ఎంత ఉంటే డి.ఎన్.ఎ. పాడవుతుంది? 2001లో జర్మనీలో ఎలుకలకు వేర్వేరు మోతాదుల్లో క్వార్ట్జ్ ఇచ్చి చూశారు. వాపు తక్కువ మోతాదు నుంచే కనిపించి, మోతాదుతో పాటే పెరిగింది. కానీ 8-ఆక్సోగ్వానిన్ మాత్రం తక్కువ మోతాదులో పెరగలేదు, మోతాదు ఎక్కువైనాకే పెరిగింది. దీన్నిబట్టి శరీరం కొంతవరకు సర్దుకుంటుందని, దానికి ఒక హద్దు ఉందని అర్థమవుతుంది. కొద్ది దుమ్ముతో ఏమీ కాదని మాత్రం దీన్ని చదవకూడదు, ఎందుకంటే వాపు ముందే మొదలైంది.

నాకు ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే. మన ఒంట్లో మరమ్మతు ఉంది, కానీ దానికి ఒక వేగం ఉంది. నష్టం ఆ వేగాన్ని మించితే ఎంత బలమైన మనిషైనా ఓడిపోతాడు. కొండలు పిండి చేసిన కండలున్నవాళ్లే నలభై ఏళ్లకు మంచం పట్టడం వాళ్ల బలహీనత వల్ల కాదు. తాగుడు వల్ల, మురికి వల్ల అని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం.

కోలారు నుంచి కార్డిఫ్‌కు

డాక్టర్ కాప్లాన్ కథ ఇంకొంచెం ఉంది. మన గనుల తర్వాత ఆయన వేల్స్‌లోని కార్డిఫ్‌కు వెళ్లి బొగ్గు గని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు చూసే పనిలో చేరాడు. 1953లో ఒక కొత్త సంగతి గమనించాడు. కీళ్లవాతం ఉన్న గని కార్మికుల ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు ప్రత్యేకంగా కనిపించాయి. దాన్ని ఇప్పటికీ కాప్లాన్ సిండ్రోమ్ అంటారు. కీళ్లవాతం అంటే రోగ నిరోధక శక్తి సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు. దుమ్ము ఊపిరితిత్తిని గట్టిపరచడంతో ఆగక, ఒంట్లోని కాపలా మొత్తాన్నీ దారి తప్పించగలదని అట్లా ఒక్కొక్క ముక్కగా తెలిసివచ్చింది. మన ఊరి కార్మికుల ఎక్స్‌రేలు చూసి పదునెక్కిన కళ్లే వేల్స్‌లో ఆ మచ్చలను గుర్తుపట్టాయని తెలిస్తే, కె.జి.ఎఫ్. బంగారమే కాదు, వైద్యజ్ఞానం కూడా ఇచ్చిందని చెప్పుకోవచ్చు. ఆ జ్ఞానానికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా చెప్పుకోవాలి.

గనులు మూతపడ్డాక

1952 గనుల చట్టం కింద సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించారు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి వెళ్లింది.

గని మూతపడిన రోజుతో దుమ్ము జబ్బు మూతపడదు. సిలికోసిస్ పని మానేసిన చాలా ఏళ్లకు కూడా బయటపడవచ్చు. అప్పుడు కార్మికుడి చేతిలో ఉద్యోగం ఉండదు, కంపెనీ ఆసుపత్రి ఉండదు. ఫలానా గనిలో ఫలానా ఏళ్లు అండర్‌గ్రౌండ్ పని చేశానని చూపే కాగితం కూడా చాలాసార్లు ఉండదు. డాక్టరుకు ఆ సంగతి చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి వట్టి క్షయ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పని చరిత్ర చెప్పడం వైద్యంలో భాగం. మీ ఇంట్లో గనిలో పనిచేసిన తాతయ్య ఉంటే, ఏ గనిలో, ఏ పని, ఎన్నేళ్లు అని అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆసుపత్రికి పోయినప్పుడు అది మందుచీటీ అంత అవసరం.

ఇంకో సంగతి. గనులు లేకున్నా రాయి పని మన జిల్లాలో ఉంది. గ్రానైటు క్వారీలు ఉన్నాయి, జల్లి క్రషర్లు ఉన్నాయి. మాలూరు తాలూకా శివారపట్నంలో తరతరాలుగా దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పులున్నారు. మిల్లులు వదిలిన సైనైడ్ దిబ్బల ఇసుక గాలికాలంలో ఇళ్ల మీదికి లేస్తూనే ఉంది. రాయి కోసేటప్పుడు నీళ్లు చిమ్ముతూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. దుమ్మును పీల్చేసే యంత్రాలు, సరైన మాస్కులు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 5 మైక్రాన్ల రేణువుకు తువ్వాలు తెరిచిన తలుపు లాంటిది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. అది కుదిరినప్పుడు మిగతా చోట్ల ఎందుకు కుదరదు?

ముగింపు

మన చరిత్ర పుస్తకంలో కె.జి.ఎఫ్. పాఠం రాసేటప్పుడు 800 టన్నులు, 3,200 మీటర్లు అనే అంకెల పక్కనే ఇంకో అంకె కూడా రాయాలని నా కోరిక. అది నూటికి 44. దాని వెనక పేర్లు లేని వేలమంది ఉన్నారు. వాళ్ల కణాల్లో ఆ చిన్న ఎంజైములు రోజూ తమ పని తాము చేశాయి, దుమ్ము వాటికి తీరిక ఇవ్వలేదు. నష్టం తగ్గించడం శరీరం చేతిలో లేదు. అది కంపెనీ చేతిలో, సర్కారు చేతిలో, చట్టం చేతిలో ఉంది. రేపు మనలో ఒకరు డాక్టరు కావచ్చు, ఇంకొకరు ఇంజనీరు, మరొకరు క్వారీ యజమాని కావచ్చు. అప్పుడు ఈ అంకె గుర్తుంటే, డ్రిల్లు పట్టినవాడికి ముందు నీటి పైపు అందించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టమని చెబుతాం.